ఎదురు నడక

మా ఆయన రాడ్నీకి వంటింట్లో త్రాసు ఎందుకుంటుందో ఇన్నేళ్ళ కాపురంలో తెలియలేదు. జనవరిలో, నడకకు మోసుకెళ్ళే సంచి తేలిగ్గా ఉండాలని, దానిమీద తన మేజోళ్ళు తూచాడు. తరవాత పళ్ళు తోముకునే బ్రష్షు తూచి, పిడి సగానికి కోసి, మళ్ళీ తూచాడు. "చూశావా, బరువు తగ్గింది!" అన్నాడు, మనిషే తగ్గినట్టు. భోజనాల బల్ల నిండా పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా దేశం మ్యాపులు పరిచేశాడు కనుక మేము పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. అటుగా గిన్నె పట్టుకెళ్ళేటప్పుడు ఏ సరస్సులోనైనా గ్రేవీ చుక్క పడితే నేరం నాదే.

ఈ హడావిడంతా మా మామగారు విల్ఫ్రెడ్ కోసం. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు, మా వీధిలోనే మూడిళ్ళ అవతల ఉంటారు. నిరుడు శరత్కాలంలో మా అత్తగారు కన్నుమూశాక ఆయనకు మాటలు తగ్గిపోయాయి. క్రిస్మస్ నాడు మాత్రం పుడ్డింగ్ తింటూ తింటూ, "ఈ మోకాలు పూర్తిగా మొరాయించకముందే ఒక తీరం నుంచి ఇంకో తీరానికి నడవాలనుంది" అన్నారు. రాడ్నీ చెంచా కింద పెట్టి, "నేనూ వస్తా నాన్నా" అన్నాడు. మా ఉత్తరాది మగవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకోవడం లాంటి పనులు చేయరు. కాబట్టి ఒకరి గిన్నెలో ఒకరు కస్టర్డ్ పోసుకున్నారు.

గొడవ దిక్కు దగ్గర వచ్చింది. తీరం నుంచి తీరానికి పోయే ఆ కాలిదారిలో అందరూ పడమటి నుంచి తూర్పుకే నడుస్తారు. మాకు గాలీ వానా పడమటి నుంచే వస్తాయి కనుక అవి వీపుకు తగిలితేనే సుఖం. మా ఊరు కిర్బీ స్టీఫెన్ సరిగ్గా దారి నడుమ ఉంది. వేసవంతా మా కిటికీ ముందు నుంచి వీపున సంచులతో పోయేవాళ్ళు ఒకే వైపు పోతుంటారు. మామగారు మాత్రం తూర్పు నుంచి మొదలుపెడతానన్నారు.

"నాన్నా, వాన మొహాన కొడుతుంది."

"మొహం కడుక్కునే పని తప్పుతుంది."

"దారి పుస్తకాలన్నీ పడమటి నుంచే రాశారు."

"వెనక పేజీ నుంచి చదువుకుంటా."

"ఒక్క కారణం చెప్పు!"

"నా ఇష్టం రా. అటు నుంచైతే వస్తా. లేదంటే మానేస్తా."

ఆ చివరి మాటలో వెటకారం లేదు. వచ్చే ఏడాది చూద్దాంలే అందామంటే ఆయన మోకాలు మా అందరికీ కనబడుతూనే ఉంది. రాడ్నీ మొండితనం ఆ తండ్రి దగ్గర నుంచి వచ్చిందే. అందుకని ఇద్దరూ ఏమాత్రం తగ్గలేదు. ఏప్రిల్ వెళ్ళేసరికి వాళ్ళ మధ్య మాటలు "టీ?", "ఊఁ" దాకా వచ్చి ఆగాయి. మ్యాపులు మాత్రం బల్ల మీదే ఉన్నాయి.

"దిక్కు సంగతి తరవాత. ముందు కొత్త బూట్లు అలవాటు చేసుకోండి" అని మే నెల సెలవు రోజున ఇద్దర్నీ ఊరికి తూర్పున, ఆ దారి మీదే ఉన్న హీథర్ పొదల మెట్ట మీదికి లాక్కెళ్ళాను. పైన, మనుషులు నిలబడ్డట్టుండే రాళ్ళు పేర్చి కట్టిన తొమ్మిది స్తంభాల దాకా ఎక్కి దిగి వద్దామన్నాను.

ఎక్కేటప్పుడు దారి నిండా జనం. రాడ్నీ మెడలో మ్యాపు వేలాడేసుకుని అందరికంటే ముందున్నాడు. మామగారు కర్ర మీద బరువాన్చి నా పక్కన నడుస్తున్నారు. వెనక నుంచి వచ్చినవాళ్ళు "గుడ్ మార్నింగ్" అనేవారు. ఆయన తల తిప్పేలోపే దాటిపోయేవారు. కాసేపటికి ఒక రాయి మీద కూర్చున్నాం. ఫ్రూట్ కేకు మీద చీజ్ ముక్క పెట్టి ఆయన చేతికిచ్చాను.

"అమ్మాయ్, ఏం కనబడుతోంది?" అన్నారు.

"వీపులు, మామయ్యా."

"అదీ సంగతి. నలభై ఏళ్ళు ఇనప సామాన్ల కొట్లో కౌంటరు వెనక నిలబడ్డాను. గుప్పెడు మేకులు కొనేవాడైనా మొహం చూపించి కొనేవాడు. ఇప్పుడు ఇంట్లో ఎదురు కుర్చీ ఖాళీ. నా నడకేమో నత్తనడక. వీళ్ళతో పాటు వెళ్ళాననుకో, దేశమంతా దాటినా వీపులే చూస్తాను. ఎదురు వెళ్తే అందరూ నా వైపే వస్తారు. ఒక్క నిమిషమైనా ఆగి పలకరిస్తారు."

"ఈ మాట మీ అబ్బాయితో అనొచ్చుగా?"

"ఏమనాలి, ఒంటరిగా ఉంది రా అనా? వాడు వెంటనే మా ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఆ త్రాసుతో సహా. నువ్వు చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. చూపించనని ఇవ్వలేదు.

పైకి చేరాక రాడ్నీని పక్కకు పిలిచాను. "దిగేటప్పుడు నాన్న వెనకాలే నడు. నోరు మూసుకుని."

"నేనేం చేశాను, మోరిన్?"

"అదే, అలా మాట్లాడకుండా."

పొద్దెక్కాక బయల్దేరినవాళ్ళు అప్పుడు కొండెక్కుతున్నారు. మొదట ఇద్దరు ఆడవాళ్ళు ఎదురై, పైన బురద లోతా అని అడిగారు. "అబ్బే, లేదమ్మా. పొద్దున ఒక ప్లంబరు దిగాడు, టోపీ ఇంకా తేలుతూనే ఉంది. మీరు ఎడమ పక్క రాళ్ళ మీదుగా పొండి" అన్నారు మామగారు. వాళ్ళు పకపకా నవ్వారు. ఆ వెనకాల లావుపాటి ఆసామి సంచి పట్టీ ఊడితే, ఈయన జేబులోంచి తాడు తీసి కట్టారు. ఒకావిడ ఆయన చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, అడక్కుండానే తన కూతురి విడాకుల కథంతా చెప్పింది.

"ఇలా నడిస్తే అవతలి తీరం చేరేసరికి క్రిస్మస్ వస్తుంది" అని రాడ్నీ నా చెవిలో గొణిగాడు.

"నోరు" అన్నాను.

వాన మొదలైంది. మామగారి టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఎదురొచ్చిన ముసలాయన భుజం తట్టి, తలెత్తి నవ్వుతున్నారు. రాడ్నీ గడియారం చూసుకోవడం మానేశాడు.

"నాన్న ఇలా నవ్వి ఎన్నాళ్ళైంది?" అన్నాడు.

"లెక్కలు నీ శాఖ కదా."

"అమ్మ పోయాక ఇదే మొదటిసారి" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వానలో అది దండగ పని అని నేను అనలేదు.

కింద గేటు దగ్గర మామగారు మాకోసం ఆగారు. "ఏరా, ముందు పరిగెత్తేవాడివి, ఇంత వెనకపడ్డావేం?"

రాడ్నీ నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"గాలిలో ఏం వినబడి చస్తుంది? గట్టిగా చెప్పు."

గేటు తీయబోతున్న ముగ్గురు కొత్తవాళ్ళు ఉలిక్కిపడి ఆగిపోయేలా మా ఆయన అరిచాడు. "తప్పు నాదే, నాన్నా! నువ్వు చెప్పిన వైపు నుంచే నడుద్దాం!"