చెరిపేసిన చువ్వలు

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ అమ్మాయికి బొమ్మలు గీయడం పుట్టుకతోనే వచ్చింది. నలుగురి ముందు నోరు విప్పడం మాత్రం రాలేదు. అందుకే వస్తువుల డిజైన్ కోర్సులో చేరి, గీసినదాన్ని తెర మీద ఎలా చూపించాలో, చూపిస్తూ ఎలా మాట్లాడాలో నేర్చుకుంటోంది. ఆఖరి పరీక్షకి పసిపిల్లల మంచం ఎంచుకుంది. అక్కకి కొడుకు పుట్టాడు కదా, వాడికీ పనికొస్తుందనుకుంది.

మొదటి బొమ్మ చూసి మాస్టారు పెదవి విరిచారు.

"ఇన్ని చువ్వలేంటమ్మా, జైలుగదిలా ఉంది. బొమ్మని కాస్త ఊపిరి తీసుకోనివ్వు."

పిచ్చుక కంప్యూటర్లో చువ్వ విడిచి చువ్వ చెరిపేసింది. పక్కన కిటికీ పెట్టి ఎండ పడేలా చేసింది, తెల్లటి దుప్పటి పరిచింది. మెరుగులు దిద్దితే మంచానికి కూడా పెళ్లికళ వస్తుంది. మాస్టారు భేష్ అన్నారు. మురిసిపోయి ఆ బొమ్మని అక్క ఫోన్‌కి పంపింది. బావ వడ్రంగి. మరదలి బొమ్మని ఒక్క చువ్వ కూడా అటూ ఇటూ కాకుండా చెక్కలోకి దించేశాడు.

పరీక్ష రోజు పిచ్చుక తడబడకుండానే మొదలుపెట్టింది. చూడటానికి వచ్చినవాళ్లలో పిల్లల సామాన్లు తయారుచేసే పెద్దావిడ ఒకరున్నారు. మధ్యలో ఆవిడ చెయ్యెత్తింది.

"చువ్వకీ చువ్వకీ ఎడమెంత?"

పిచ్చుక తెర వైపు తిరిగి చువ్వల్ని చూసింది. చెరిపేటప్పుడు కొలత చూసుకుంటే కదా.

"పరుపుతో పోల్చి చూస్తే నా చెయ్యి అడ్డంగా పట్టి ఇంకా మిగిలేట్టుంది. ఆ సందులో పసివాడి ఒళ్లు జారుతుంది, తల జారదు. మెడ దగ్గర పట్టేస్తుంది తల్లీ. సర్లే, బొమ్మే కదా, దిద్దుకోవచ్చు."

బొమ్మే అయితే ఎంత బాగుండేది. పిచ్చుకకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈపాటికి అక్క పిల్లాణ్ణి పడుకోబెట్టి మేడ మీద బట్టలు ఆరేస్తూ ఉంటుంది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బావకి చేసింది. రంపం మోతలో ఆయనకెక్కడ వినిపిస్తుంది? మార్కులు పోతాయమ్మా అని మాస్టారు అంటున్నా వినకుండా పరుగు తీసింది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటూ, తెలియని దేవుళ్లని కూడా వదలకుండా పరుగెత్తింది.

అక్కావాళ్ల ఇంటి తలుపు తీసే ఉంది. పిల్లాడు నిద్రలో దొర్లినట్టున్నాడు, కాళ్లు ముందుగా నడుం దాకా చువ్వల సందులోంచి బయటికి వచ్చేశాడు. చొక్కా చంకల కిందకి ముడుచుకుని అడ్డం పడబట్టి అక్కడ ఆగాడు. పిచ్చుక వాణ్ణి మెల్లగా లోపలికి జరిపి, ఎత్తుకుని, నేల మీద కూలబడింది. ఊపిరి ఆడుతోందా లేదా అని వాడి ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నది. ఆడుతోంది. అప్పుడు భోరున ఏడ్చింది.

రంపం ఆపేసరికి ఏడుపు వినిపించి పెరట్లోంచి బావ వచ్చాడు. వెక్కుతూనే అంతా చెప్పింది. ఆయన చువ్వల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఎడం ఎక్కువనిపించిందే నాకు. చదువుకున్న పిల్ల గీసింది, దానికో లెక్కుంటుందిలే అనుకున్నాను."

"దీన్ని విరగ్గొట్టెయ్ బావా."

బావ పెరటి వైపు చూశాడు.

"ఇలాంటివి ఇంకో మూడు చేశాను పిచ్చుకా. నీ బొమ్మ చూపిస్తే అందరూ ముచ్చటపడ్డారు. పొద్దున్నే పట్టుకెళ్లిపోయారు."

పిచ్చుక లేచి బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది.

"ఎవరెవరో చెప్పు. ఇప్పుడే వెళ్తాను."

"ఇద్దరి ఇళ్లు తెలుసు" అన్నాడు బావ. "మూడోది, ఎవరో ఆలుమగలు, దారిన పోతూ చూసి కొనుక్కెళ్లారు. పిల్ల చంకలోనే ఉంది. పేరు కూడా అడగలేదు."