తలుపుకి కొట్టిన ఫిర్యాదులు

కాలేజీకి నూరేళ్లు నిండుతున్నాయి, చరిత్ర పుస్తకం రాసిపెట్టమ్మా అని ప్రిన్సిపాల్ అయ్యగారు అడిగిన రోజున లైబ్రరీ అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. మర్నాడు రికార్డుల గది తెరిచి చూశాక ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది. అడ్మిషన్ రిజిస్టర్లలో సగం చెదలు తినేశాయి. మిగతా సగాన్ని కప్పులోంచి కారిన వాన కడిగి పెట్టింది. ఆ కాలేజీలో చదువు మీద అంత శ్రద్ధ చూపించినవి చెదలు మాత్రమే అని చెప్పాలి.

లైబ్రరీ అక్క అంటే లైబ్రేరియనే. వయసులో పెద్దయిన లెక్కల మాస్టారు కూడా ఆమెను అక్కా అనే అంటారు. ఇక్కడే చదివింది, ఇక్కడే ఉద్యోగంలో చేరింది, వచ్చే మార్చిలో రిటైరవుతుంది. ప్రిన్సిపాల్ పాస్టరు కూడా కాబట్టి ఆయన అందరికీ అయ్యగారు. లూథరన్ చర్చి నడిపే చిన్న కాలేజీ అది. రెండంతస్తుల భవనం, మూడు వందల మంది విద్యార్థులు, వరండా చివర చాపెల్ అనే ప్రార్థన మందిరం.

"చరిత్ర సగం చాలు. మిగతా సగం ప్రముఖ పూర్వ విద్యార్థులు ఉండాలి. చదివినవాళ్ల కళ్లు చెదరాలమ్మా," అన్నారు అయ్యగారు.

చెదరడం సంగతి తర్వాత, ముందు ఆ ప్రముఖులెవరో తెలియాలి కదా. రిజిస్టర్లకి చూస్తే ఆ గతి పట్టింది. దిక్కు తోచక చివరికి ఆమె రేకు పెట్టెలు తెరిచింది.

ఆ పెట్టెల కథ కొంచెం చెప్పుకోవాలి. లూథరన్లకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ అయిదొందల ఏళ్ల కిందట తన అభ్యంతరాలు రాసి చర్చి తలుపుకి కొట్టాడని అంటారే, దాని గుర్తుగా ఏటా అక్టోబరు ముప్పై ఒకటిన ఈ కాలేజీలో ఏ విద్యార్థయినా ఒక ఫిర్యాదు రాసి చాపెల్ తలుపుకి మేకుతో కొట్టొచ్చు. పేరు రాయనక్కర్లేదు. మర్నాడు ప్రిన్సిపాల్ వాటిని అందరి ముందూ చదివి, ఒక్కోదానికీ జవాబు చెప్పి తీరాలి. జవాబు రాని ఫిర్యాదుకి కాలదోషం లేదు. ఎన్నేళ్ల తర్వాతైనా, ఎవరైనా దాన్ని మళ్లీ కొట్టొచ్చు. కాలేజీ పెట్టిన పాస్టరుగారు ఏ హుషారులో ఈ రూలు పెట్టారోగానీ, తర్వాత వచ్చిన ప్రిన్సిపాళ్లందరికీ నవంబరు ఒకటో తేదీ అంటే సెలవు పెట్టబుద్ధవుతుంది.

కాలేజీకి సుత్తి ఒక్కటే. అది వడ్రంగిది. ఆ వడ్రంగి లైబ్రరీ అక్క వాళ్ల నాన్న. నలభై ఏళ్లపాటు ఆ రోజున తలుపు పక్కన స్టూలేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకి సుత్తీ మేకులూ అందించాడు. అంతా అయ్యాక మేకులు పీకి, తలుపు బెజ్జాలు పూడ్చి, కాగితాలు ఏడాదికో కట్టగా కట్టి పెట్టెల్లో పెట్టాడు. దాచమని ఎవరూ చెప్పలేదు. ఆయనకి చదవడం రాదు. ఎవరో కష్టపడి రాసిన కాగితాన్ని పారేయడానికి చేతులు రాలేదు, అంతే.

ఇప్పుడాయనకి ఎనభై నాలుగు. కూతురింట్లోనే ఉంటూ, ఇంట్లో ఏ కుర్చీ కిర్రుమన్నా దానికి వైద్యం చేస్తుంటాడు. అక్క కట్టలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిస్తే, ఆయన ఒక కాగితం తీసుకుని మేకు బెజ్జాన్ని వేలితో తడిమాడు.

"ఇది ఎడంచేతివాడిది. ఇప్పుడు గుండెలు కోసే పెద్ద డాక్టరు లేడూ, వాడే."

"నీకెలా తెలుసు నాన్నా?"

"సుత్తి ఇచ్చింది నేనే కదా! మనిషి ముఖం మర్చిపోవచ్చేమోగానీ, మేకు కొట్టిన తీరు మర్చిపోతానా?"

ఆ కాగితంలో ఇలా ఉంది: 'కప్పను కోస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఈ పాఠం వెంటనే తీసేయాలి.' అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

అక్కణ్నుంచి నెల రోజులపాటు తండ్రీకూతుళ్లకి అదే పని. ఒక్క కాగితానికి పదకొండు మేకులు కొట్టినవాడు హైకోర్టు జడ్జి అయ్యాడు. హాస్టల్లో ఆలస్యంగా లేచినవాడు తనకన్నా ముందు స్నానం చేశాడన్నది ఆయన ఫిర్యాదు. నిజమేనా అని అక్క ఉత్తరం రాస్తే, 'నాదే. ఆ విషయంలో నాకు ఇప్పటికీ న్యాయం జరగలేదు' అని జవాబొచ్చింది. చాపెల్ గాయక బృందంలోంచి గొంతు బాగాలేదని తీసేసిన అమ్మాయి ఇప్పుడు ఊరూరా కచేరీలు చేస్తోంది.

"సుత్తితో వేలి మీద కొట్టుకుని అరిచింది. అరుపు కూడా శ్రుతిలోనే ఉందమ్మాయ్!" అన్నాడు నాన్న.

అలా పన్నెండు మంది ప్రముఖులు తేలారు. అక్క పన్నెండు పేర్లూ శుభ్రంగా రాసి, పదమూడోదిగా నాన్న పేరు చేర్చింది. ఆయన లేకపోతే ఈ కాలేజీకి చరిత్రే లేదు. తను రిటైరయ్యేలోగా, ఆయన కళ్ల ముందే ఆ పేరు అచ్చులో పడాలని ఆమె కోరిక. ఆ పుస్తకం మీద ఆమెకున్న ఆశ అదొక్కటే.

అయ్యగారు జాబితా అంతా చూసి మురిసిపోయారు. పదమూడో పేరు దగ్గర మాత్రం కలం ఆపారు.

"ఆయనంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలుసమ్మా. కానీ ఆయన ఇక్కడ చదువుకోలేదు కదా."

"పోనీ ఉపాధ్యాయుల చాప్టర్లో పెట్టండి."

"పాఠం చెప్పలేదు కదా. కాదనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ రూలు రూలే."

అక్క జాబితా తీసుకుని వచ్చేసింది. లైబ్రరీలో పుస్తకాలన్నీ సర్దినవే మళ్లీ సర్దింది. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. నాన్నకి మాత్రం చెప్పలేదు. చెప్తే ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూడటం ఆమె వల్ల కాదు.

ఇంకొక్క కట్ట మిగిలింది. దానికి మాత్రం ఎర్ర దారం కట్టి ఉంది.

"ఆ ఏడు ప్రిన్సిపాలుగారికి గవదబిళ్లలొచ్చి నోరు పెగల్లేదు. ఇవేవీ చదవనేలేదు. జవాబు రాలేదని గుర్తుకి ఎర్ర దారం కట్టా," అన్నాడు నాన్న. పై కాగితం చేతిలోకి తీసుకుని పకపకా నవ్వాడు. "నాలుగు బెజ్జాలు! ఇది మన అయ్యగారిది. అప్పుడు ఫస్టియరు. మూడుసార్లు మేకు వంకరపోయింది. ఏడుపు ముఖం పెట్టాడు. పక్కన కూర్చోబెట్టి, మేకు ఎలా పట్టుకోవాలో, చూపు ఎక్కడ పెట్టాలో నేర్పించా. నాలుగోసారి నిటారుగా దిగింది. ఏం రాశాడు?"

అక్క చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

'నేను ఈ కాలేజీలో చేరి నాలుగు నెలలైంది. నాకు రాని పనిని నన్ను చూసి నవ్వకుండా నేర్పించింది వడ్రంగిగారు ఒక్కరే. అయినా ఆయన్ని ఉపాధ్యాయుల్లో ఎందుకు లెక్కపెట్టరు?'

నాన్న నవ్వు ఆగిపోయింది. నలభై ఒక్క ఏళ్లు ఆ కాగితాన్ని తన చేత్తో దాచాడు. అది తన గురించేనని ఆయనకి తెలియదు.

"తలుపుకి కొట్టక ముందే రాసుకొచ్చాడు కదా. మరి నేర్పించిన సంగతి ఎప్పుడు రాశాడు?" అన్నాడు.

అక్క కాగితం తిప్పి చూసింది. వెనకవైపు ఒక ఫిర్యాదు గీతలు పెట్టి కొట్టేసి ఉంది, హాస్టల్ దోమల గురించి. నాన్న అటు తిరిగినప్పుడు మేకు పీకి, కాగితం తిప్పి, ఇది రాసి, అదే బెజ్జంలో మళ్లీ గుచ్చి ఉంటాడు.

"దీన్ని ఈసారి మళ్లీ కొడతాను నాన్నా."

"వద్దమ్మాయ్. నలుగురిలో ఆయన పరువు పోతుంది. అసలే మొహమాటస్తుడు."

"నీ గురించి రాసింది కదా!"

"అందుకే మరీ వద్దంటున్నా."

అక్క వినలేదు. అక్టోబరు ముప్పై ఒకటిన విద్యార్థుల వరసలో నిలబడి, ఆ కాగితాన్ని తలుపుకి కొట్టింది. వెనకున్న అమ్మాయి నోరెళ్లబెట్టింది.

మర్నాడు చాపెల్ కిటకిటలాడింది. నాన్నని బతిమాలి తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. అయ్యగారు క్యాంటీన్ టీ గురించి, ఫ్యాన్ల గురించి, లెక్కల మాస్టారి గొంతు గురించి వచ్చిన ఫిర్యాదులకి తడుముకోకుండా జవాబులు చెప్పారు. తర్వాత రంగు మారిన పాత కాగితం చేతిలోకి వచ్చింది. మొదటి వాక్యం గడగడా చదివేశారు. రెండోది మెల్లగా చదివారు. మూడోది కళ్లజోడు తీసి తుడుచుకున్నాక గానీ చదవలేకపోయారు. అక్క బెంచీ అంచుకి జరిగింది. పేరు లేని కాగితం, 'ఎవరో రాశారు, పరిశీలిస్తాం' అనేస్తే ఆయన్ని అడిగేవాళ్లు లేరు.

"ఇది నేను రాసిందే," అన్నారు అయ్యగారు.

విద్యార్థులు గొల్లున నవ్వారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఫిర్యాదు సబబే. జవాబు నలభై ఒక్క ఏళ్లు ఆలస్యమైంది, తప్పు నాది. మొన్న ఇదే ప్రశ్న ఒకరు నా గదికొచ్చి అడిగితే, రూలు రూలే అన్నాను. పద్దెనిమిదేళ్ల వయసులో నాకు అర్థమైంది అరవై దగ్గరపడేసరికి మర్చిపోయాను." ముందు బెంచీ వైపు తిరిగారు. "పుస్తకంలో మొదటి పేజీలు నా సందేశానికి ఉంచుకున్నాను. తొమ్మిది పేజీలు రాశాను కూడా. అవి ఎవరూ చదవరని నాకు తెలుసు. ఆ చోటు ఉపాధ్యాయుల చాప్టరుకి ఇస్తున్నాను. మొదటి పేరు మీదే మాస్టారూ."

మాస్టారూ అన్నది ఎవరినో అర్థంకాక నాన్న వెనక్కి తిరిగి చూశాడు.

జనవరిలో ప్రెస్సు నుంచి మొదటి ప్రతి వచ్చింది. అక్క దాన్ని బ్యాగులో పెట్టుకుని పరుగులాంటి నడకతో ఇంటికి చేరింది. నాన్న పుస్తకం తీసుకుని ముందు బైండింగ్ పరీక్షించి, ఫర్వాలేదన్నాడు. తర్వాత మొదటి పేజీ తెరిచి ఆమెకి ఇచ్చాడు.

ఆమె పైకి చదివింది. ఒక్క పేజీయే, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. ఆమె చూపించింది. ఆ నాలుగక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడు.

ఆమె మళ్లీ మొదటి లైను నుంచి చదివింది. ఆయన వేలు తీయకుండానే కూర్చున్నాడు.