ఒక మాల తక్కువైంది

బెంచీ మీద నిలబడి ఒక్కో పటానికీ మాల వేసుకుంటూ చివరి పటం దగ్గరికి వచ్చేసరికి ఆరోగ్యసామి గంపలో మాలలు అయిపోయాయి. గంప బోర్లించి దులిపాడు. రెండు ఆకులు రాలాయి, అంతే. గుమాస్తా సుబ్రమణియం లెక్క తప్పాడు కాబోలు అనుకున్నాడు. పటంలోని పెద్దమనిషి మెడ బోసిగా ఉంది. అది చూస్తుంటే అతనికి మనసు ఒప్పలేదు.

మిల్లు కొత్త హాలు గోడల నిండా నాయకుల పటాలే. మదురై నుంచి పిలిపించిన చిత్రకారుడు రంగులతో నిలువెత్తున వేశాడు. ఒక్కో పటం కింద ఆ నాయకుడు ఎప్పుడో అన్న మాట అరవంలో రాసిన అట్ట. ఆరోగ్యసామికి అరవం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఇంట్లో మాట్లాడే తెలుగుకైతే అక్షరాలు ఉంటాయన్న సంగతే చాలాకాలం తెలియదు. ఏళ్ళ తరబడి పత్తి దులిపే బ్లోరూములో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైతే, జాలిపడి ఊడ్చే పనిలో వేశారు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనుబొమల్లో చేరిన తెల్లదనం పత్తిదో వయసుదో అతనికే తెలియదు. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆయాసం.

వాళ్ళ వీధిలో బతికున్నవాడి బొమ్మ గోడకెక్కదు. భార్య జోతిమణి పోయాకే, ఆమె చెల్లెలి ముఖం చూసి అంచనాగా ఒక పటం వేయించాడు. పటమంటే పోయినవాళ్ళది. మాల లేకుండా వదిలేస్తే వాళ్ళు అలుగుతారు. అందుకని ఆరోగ్యసామి తక్కిన మాలల్లోంచి నాలుగేసి పూలు తెంపి, అరటినారతో ఇంకో మాల కట్టాడు. చివరి పెద్దాయన మెడలో వేసి, అరటిపండుకి ఊదుబత్తి గుచ్చి ముందు పెట్టాడు. సిలువ గుర్తు వేసుకుని ఆయన ఆత్మశాంతి కోసం ప్రార్థన కూడా చేశాడు. చేసే పని ఏదైనా సగంలో వదిలే మనిషి కాదు మరి.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో కుళందైసామి. పార్టీ మనిషి, భుజాన రంగు తువ్వాలు. హాలంతా ఒకసారి కలయజూసి వెళ్ళిపోయాడు.

ఆ వెనకే సుబ్రమణియం వచ్చాడు. ఊదుబత్తి పొగ చూసి, పటం చూసి, నిలువునా నీరైపోయాడు.

"ఒరే ఆరోగ్యం, ఏమి చేసిపెట్టినావురా? ఆయన ఉసురుతో ఉండాడు. సాయంత్రం ఈ హాలు తెరిచేదానికి వచ్చేది ఆయనే."

ఆరోగ్యసామి ఊదుబత్తిని చేత్తోనే నలిపి ఆర్పాడు, వేళ్ళు చురుక్కుమన్నది కూడా తెలియలేదు. మాల తీశాడు. తీసింది ఎక్కడ పెట్టాలి? పారేస్తే అపచారం, చేత్తో పట్టుకుని తిరిగితే అందరూ అడుగుతారు. దిక్కుతోచక పక్కనున్న గడ్డం నాయకుడి మెడలో వేశాడు. ఆ మహానుభావుడు పోయి చాలా ఏళ్ళయింది, రెండు మాలలు పడ్డా నోరెత్తడు.

ఎవరైనా చూశారా అని గుమాస్తా అడిగాడు. కుళందైసామి గుమ్మం దాకా వచ్చి పోయాడని ఆరోగ్యసామి చెప్పాడు. సుబ్రమణియం తల పట్టుకున్నాడు. వాడు పార్టీలో చెబితే హాలు మీద రాళ్ళు పడతాయని, సంగతి మేనేజరు దాకా పోతే తను మాత్రం అడ్డుపడలేనని, పేరు చెప్పాల్సి వస్తే ఆరోగ్యసామి పేరే చెబుతానని అన్నాడు. పిల్లలున్నవాడు, అతని భయం అతనిది.

ఆరోగ్యసామి భయం కూతురు పొన్ను గురించి. వచ్చే చిత్తిరై నెలలో అతను పని దిగిపోతాడు, అతని చోటు కూతురికి నూలు చుట్టే రీలింగ్‌లో ఇస్తారు. అది ఆ మిల్లు ఆచారం. ముసలివాడై దిగినా, పనిలో ఉండగా పోయినా చోటు బిడ్డకే. తప్పు చేసి గెంటించుకున్నవాడి బిడ్డకు మాత్రం గేటు లోపలికి అడుగు పెట్టే వీల్లేదు.

మధ్యాహ్నం మిల్లు సంగు కూయగానే పొన్ను సద్ది తెచ్చింది. మెట్ల మీద కూర్చుని గిన్నె ముందు పెట్టుకున్నాడేగానీ ముద్ద దిగలేదు. గేటు వైపు ఎవరు కదిలినా రంగు తువ్వాలే కనబడింది.

"రీలింగ్ అక్కలు నాకు చోటు చూపించినారప్పా," అంది పొన్ను, రీలింగ్ కిటికీల వైపు చూపిస్తూ. "జన్నల్ పక్కన. రొంబ గాలి వస్తాది."

"ఆ మాట ఇప్పుడు ఎవురితోనూ చెప్పొద్దు తల్లీ."

ఎందుకని ఆ పిల్ల అడిగింది. ఏమీ లేదులే అన్నాడు. చెబితే అదీ భయపడుతుంది, ఇద్దరు భయపడి ఏం లాభం అనుకున్నాడు. గిన్నె అలాగే తిరిగి ఇచ్చి పంపాడు.

సాయంత్రం కార్లు వచ్చాయి. పెద్దాయన నిక్షేపంలా దిగాడు. ఆయన కులాసాగా నడుస్తుంటే చూసి ఆరోగ్యసామికి సగం ప్రాణం లేచి వచ్చింది. తన ప్రార్థన పొరపాటున ఎక్కడ ఫలిస్తుందోనని పొద్దుట్నుంచీ అదొక దిగులు. పెద్దాయన ఒక్కో పటం చూసుకుంటూ, ఒక్కో అట్ట చదువుకుంటూ వచ్చి గడ్డం నాయకుడి దగ్గర ఆగిపోయాడు. ఈయనకు మాత్రం రెండు మాలలేమిటని అడిగాడు.

ఆరోగ్యసామి స్తంభం పట్టుకున్నాడు. కుళందైసామి పెద్దాయన వెనకే ఉన్నాడు. ఇప్పుడు నోరు విప్పుతాడు, అయిపోయింది అనుకున్నాడు.

ఇక్కడివాళ్ళకు ఈయనంటే తగని ప్రేమ అని సుబ్రమణియం గొణిగాడు. పెద్దాయన తల ఊపి తన పటం ముందుకు కదిలాడు. కింద అట్ట మీది తన మాటను తనే పైకి చదివాడు. "పనిచేసేవాడు ఎవరికీ భయపడనక్కరలేదు." జనం చప్పట్లు కొట్టారు. ఆరోగ్యసామి కూడా కొట్టాడు, చెమటకు తడిసిన చేతులు చప్పుడు చేయలేదు.

ఉపన్యాసం మొదలైంది. వెనక మెట్ల మీద చేరగిలబడ్డ ఆరోగ్యసామి దగ్గరికి కుళందైసామి వచ్చాడు. ఒక గోలీసోడా చేతిలో పెట్టాడు.

"తీసుకోన్నా. పొద్దుట్నుంచీ నిలబడే ఉండావు."

పొద్దుట్నుంచీ అన్నాడంటే, చూశాడన్నమాట. నాకంతా తెలుసు అని చెప్పడమా ఇది? జాలితో ఇచ్చాడా, ముందర ఇది తాగు తర్వాత చెప్తా అన్నట్టు ఇచ్చాడా? ఆరోగ్యసామికి పాలుపోలేదు. నోరు పిడచకట్టుకుపోయింది. గోలీ మీద బొటనవేలు పెట్టాడు. నొక్కితే చప్పుడవుతుంది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఉపన్యాసం అయ్యాక తాగుదాంలే అనుకుని వేలు తీసేశాడు. రొమ్ములో ఏదో పట్టేసింది. దగ్గు వచ్చింది, దాన్నీ నొక్కిపెట్టాడు. స్తంభానికి తల ఆనించాడు.

జనమంతా వెళ్ళిపోయాక, హాలుకు తాళం వెయ్యమని చెప్పడానికి సుబ్రమణియం వెనక్కి వచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. భుజం మీద చెయ్యేసి చూసి, అక్కడే కూలబడ్డాడు.

మిల్లు కూలీలుండే లైను ఇళ్ళ నుంచి మనుషులొచ్చి ఆరోగ్యసామిని మోసుకుపోయారు. పొన్ను ఏడుపు గేటు దాటేదాకా వినబడింది. బెంచీలు సర్దుతున్న కుళందైసామి దగ్గరికి సుబ్రమణియం వెళ్ళి, ఉండబట్టలేక, పొద్దున పటానికి వేసిన మాల సంగతి ఎవరితోనైనా అన్నాడా అని అడిగాడు.

"మాలా? ఏ మాల సార్? బెంచీలు చాల్తాయా లేదా అని చూసేదానికి కదా నేను వచ్చినా. పటాలు ఎవుడు చూసినాడు?"

సుబ్రమణియం ఒక బెంచీ మీద చతికిలబడ్డాడు. ఆ ఒక్క మాట మధ్యాహ్నమే తెలిసి ఉంటే ఆ మనిషి రెండు ముద్దలు తిని ఉండేవాడు. దుఃఖం పొంగుకొచ్చింది, తువ్వాలుతో ముఖం ఒత్తుకున్నాడు. ఆరోగ్యసామి పనిలో ఉండగానే పోయాడని మేనేజరుకు తనే చెప్పి వచ్చాడు. పొన్ను చోటుకు ఢోకా లేదన్నారు.

తాళంచెవి కోసం వెనక మెట్ల దగ్గరికి వెళ్ళాడు. స్తంభం పక్కన సోడాబుడ్డి ఉంది, గోలీ ఇంకా మూతికి బిగుసుకునే ఉంది.