సవానా అని పిలిచారు

2009 వేసవిలో, అమెరికాలో తాముండే కమ్మింగ్ నుంచి సముద్రం చూడ్డానికని దేదీప్య, ప్రసాద్ సవానా ఊరికి బయల్దేరారు. దేదీప్యకు ఏడో నెల. ఊరు చేరారు గానీ, తీరానికి వెళ్ళకముందే నొప్పులు మొదలయ్యాయి. ఆ ఊరి ఆసుపత్రిలోనే పాప పుట్టింది. రెండు దోసిళ్ళంత పిల్ల. వెంటనే గాజు పెట్టెలో పెట్టారు.

పేరేమిటని పెద్ద వయసు నర్సు అడిగింది. దేదీప్య నోరు తెరిచేలోపే ప్రసాద్ అడ్డుపడ్డాడు.

"ఇప్పుడే వద్దు దీపూ. నాన్నగారు నక్షత్రం చూసి అక్షరం చెప్తారు. బారసాల రోజున పెడదాం."

"పిలుచుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా ప్రసాద్?"

"పద్ధతి ప్రకారం వెళ్దాం. రిస్క్ వద్దు."

నర్సు మాత్రం గాజు పెట్టెకు చీటీ అంటించి, దానిమీద 'సవానా' అని రాసింది. అప్పట్నుంచీ డ్యూటీకి వచ్చిన ప్రతి నర్సూ ఆ పేరుతోనే పాపను పలకరించేది.

"ఊరి పేరు పిల్లకెందుకు?" అన్నాడు ప్రసాద్ చిరాగ్గా.

"ఇక్కడ చాలామంది ఆడపిల్లలకు ఉన్న పేరే. ఆ మాటకు విశాలమైన గడ్డి మైదానం అని అర్థం" అంది నర్సు. "ఈ పెట్టెలో ఇరుక్కున్న పిల్లకు కాస్త చోటివ్వాలనిపించింది."

రెండో వారంలో పాపకు ఇన్ఫెక్షన్ సోకింది. ఒక ఉదయం డాక్టర్లు ఇక చేయగలిగింది లేదన్నారు. నర్సు ట్యూబులన్నీ తీసేసి పాపను దేదీప్య ఒళ్ళో పెట్టింది.

"పిలువమ్మా, వింటుంది."

దేదీప్య పెదవులు కదిలాయి. తను కడుపుతో ఉన్నప్పుడు అనుకున్న పేర్లలో ఒక్కటీ గుర్తురాలేదు. "సవానా" అంది. మళ్ళీ అంది. మూడోసారికి పాప ఊపిరి ఆగిపోయింది. ప్రసాద్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రెండేళ్ళకు కమ్మింగ్‌లో కొడుకు పుట్టాడు. నిండు నెలల పిల్లాడు, గట్టిగా ఏడ్చాడు. అక్కడి నర్సు బిడ్డ పేరు అడిగీ అడగకముందే ప్రసాద్ "రోహన్" అన్నాడు. తండ్రికి ఫోన్ చేయలేదు, నక్షత్రం చూడలేదు.

దేదీప్య అతని వైపు చూసింది.

"ఇంత తేలిగ్గా చెప్పగలవా?" అంది.

ప్రసాద్ బిడ్డను ఆమె పక్కన పడుకోబెట్టి, తల వంచుకుని మంచం పట్టె మీద కూర్చున్నాడు.