మెరుగులావిడ

కింది వాటాలో ఉండే దర్జీ భార్య ఇస్త్రీ బండి ఆయనతో అన్నదట: "పై వాటా ఆవిడ చీరలు మీకు వేస్తుంది గానీ, తల మాత్రం తనే ఇస్త్రీ చేసుకుంటుందండోయ్. పొద్దున్నే కాలిన వాసన. ఇంట్లో చూసేవాడా లేడు, ఎవరి కోసమట?" ఇస్త్రీ ఆయన ఆ మాటను చీరతో పాటు నలగకుండా తెచ్చి ఆమెకే అప్పజెప్పాడు.

"ఎవరి కోసమో తెలిస్తే నాకూ చెప్పమను బాబాయ్," అని ఆమె తలుపేసుకుంది. అప్పటికి సగం తలే అయింది.

తడిపితే లొంగినట్టు నటించి, ఆరగానే తిరగబడే జుట్టు అది. చిన్నప్పుడు అమ్మ మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోబెట్టుకుని, "ఇది జుట్టా, పీచుకట్టా?" అని దువ్వెనతో నెత్తిన ఒక్కటిచ్చేది. ఇప్పుడు అమ్మ లేదు, ఆ పని కరెంటు పట్టకారు చేస్తోంది. తలను ఆరు పాయలుగా విడదీసి, ఒక్కో పాయనూ వేడి రేకుల మధ్య పెట్టి కిందికి లాగాలి. ముప్పావుగంట. మబ్బు పట్టిన రోజు మరో పావుగంట. కుడిచెవి పైన కాలిన మచ్చ గోధుమగింజంత. ఇరవై రెండేళ్ళ ముప్పావుగంటలన్నీ ఒకసారి కుప్పపోసి చూస్తే ఎనిమిది నెలలు దాటాయి. ఇంకాస్త ఓపిక పడితే ఒక కాన్పు అయిపోయేది గదా అని ఒక్కతే నవ్వుకుంది.

బస్టాండు వెనక ఫోటో స్టూడియోలో ఆమెకు పని. వచ్చినవాళ్ళ ముఖాల మీద మచ్చలు తుడవడం, మెడ కింద నీడలు తీయడం, ఎగిరే వెంట్రుకలు అణచడం. మొదట్లో నెగటివ్ మీద సన్న కుంచెతో చేసేది, ఇప్పుడు కంప్యూటర్ ముందు పలక మీద పెన్నుతో చేస్తోంది. వీధంతా మెరుగులావిడ అంటారు. ఓనరుకు మాత్రం నలభై రెండేళ్ళొచ్చినా అమ్మాయే.

పదకొండింటికి ఒక పిల్లా, వాళ్ళమ్మా వచ్చారు. పిల్లకు ఇరవై రెండుంటాయి. రబ్బరు బ్యాండులోంచి జుట్టు నాలుగు వైపులా తన్నుకొస్తోంది. కౌంటర్ మీద ఒక ఫోటో పెట్టింది.

"ఇదెవరండీ?"

ఓనరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నువ్వే కదమ్మా!"

"గేటు దగ్గరాయన కాదన్నాడు. మొన్న నర్సు ఉద్యోగం పరీక్షకి పోతే ఫోటో చూసి, నన్ను చూసి, 'మీ అక్క బదులు వచ్చావా?' అన్నాడు. పెద్దాఫీసరు వచ్చేలోపు గేటు మూసేశారు. ఏడాది చదివానండీ." కళ్ళు దించలేదు. "ఇంకో పరీక్షుంది. దరఖాస్తుకి ఇవాళే ఆఖరు. ఈసారి నన్ను నాలాగే ఉంచండి."

"వాళ్ళ నాయనమ్మ ఆస్తిలో మాకు దక్కింది ఈ జుట్టొక్కటే," అని తల్లి నిట్టూర్చింది.

ఆ ఫోటో మెరుగులావిడ చేతిదే. చెవుల పైన పొంగిన జుట్టునంతా పావుగంట కూర్చుని చెరిపింది. బాగా కుదిరిందని ఆ రోజు తనే మురిసిపోయింది కూడా.

ఓనరు చెడ్డవాడు కాడు. తనకు తోచిన దారే చెప్పాడు. "దానికేముంది తల్లీ! ఫోటో నున్నగానే చేద్దాం. పరీక్షకి వెళ్ళేటప్పుడు నువ్వూ అలాగే అణిచి దువ్వుకెళ్ళు. మా అమ్మాయిని చూడు, దీనిదీ నీ జుట్టే. రోజూ ఎలా అణుస్తుందో అడుగు."

అందరూ ఆమె తల వైపు చూశారు. ఆమె చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళి, మచ్చ దగ్గర ఆగింది.

"రా," అని పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. రబ్బరు బ్యాండు తీసేసింది. చేతులు తడి చేసుకుని, దువ్వెన ముట్టకుండా వేళ్ళతోనే చిక్కులు విడదీసింది. జుట్టు భుజాల మీదికి బుస్సుమని లేచింది. పిల్ల అద్దంలోకి చూసి, "ఇంతుందా!" అంది.

"ఉంది. మెడ నిటారుగా పెట్టు."

"ఫ్రేములో పట్టదే," అన్నాడు గుమ్మంలోంచి ఓనరు.

"కెమెరాని అడుగు వెనక్కి జరపండి."

ఆయన జరపలేదు. ఆమే జరిపి, ఆమే తీసింది. మీద పెన్ను పెట్టకుండా ప్రింటు తీసి ఇచ్చింది. పిల్ల ఫోటోని ఒకసారి, మెరుగులావిడని ఒకసారి చూసి, తల్లిని లాక్కుని దరఖాస్తు ఆఫీసుకు పరుగెత్తింది.

"ఇరవై రెండేళ్ళ నుంచీ నా బోర్డు చూసి జనం వచ్చేది నున్నదనానికే," అన్నాడు ఓనరు. "ఇలా నీ ఇష్టం వచ్చినట్టు చేస్తానంటే ఇక్కడ కుదరదమ్మాయ్."

"కుదరదు లెండి," అందామె.

మధ్యాహ్నం నుంచి చినుకులు పడుతున్నాయి. పొద్దున లాగి కూర్చోబెట్టిన జుట్టు కుదుళ్ళ దగ్గర ఉంగరాలు తిరగడం మొదలుపెట్టింది. రోజూ అయితే ఈపాటికి అద్దం ముందుకు పరుగెత్తేది. ఇవాళ కూర్చున్న చోటే కూర్చుని మిగిలిన నాలుగు ఫోటోలూ ఉన్నవి ఉన్నట్టే ప్రింటు తీసింది. ఐదింటికి లేచి కంప్యూటర్ ఆపింది. పెన్ను పలక మీదే ఉంది. బొటనవేలు ఆనే చోట నల్లరంగు పోయి తెల్లగా గుంటపడింది. సంచీ ఒక్కటే భుజానికి తగిలించుకుంది.

గుమ్మం దగ్గర ఓనరు మెత్తబడ్డాడు. "కోపం తెచ్చుకోకమ్మాయ్. రేపు పొద్దున్నే కాలేజీ పిల్లలు నలభైమంది వస్తున్నారు. వాళ్ళనెవరు బాగుచేస్తారు?"

ఆమె వెనక్కి తిరిగింది. తల అప్పటికే గొడుగంతైంది.

"వాళ్ళకేమైందని?"