కొవ్వు పట్టిన ఉడుం

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే ముఠాలో అతన్ని అందరూ ఉడుమనే పిలుస్తారు. పట్టుకుంటే వదలడు మరి. బీరువా అయినా అంతే, మాట అయినా అంతే. మేస్త్రీ అయ్యాక మాత్రం వ్యాను ముందు సీటునే పట్టుకున్నాడు. మిగతావాళ్లు మంచాలు మోస్తుంటే తను చూపుడువేలు మోసేవాడు.

మొన్న డాక్టరమ్మ స్కాన్ చూసి, "కాలేయానికి కొవ్వు పట్టిందండీ," అంది.

"నేను చుక్క ముట్టనండీ!"

"ముట్టక్కర్లేదు," అంటూ పిడిలాంటి మీటరొకటి చేతికిచ్చి నొక్కమంది. ఉడుం పళ్లు బిగించాడు, ఊపిరి బిగించాడు. అన్నీ బిగిశాయి, ముల్లు మాత్రం బద్ధకంగా కాస్త కదిలి ఊరుకుంది.

"కండల్లో పట్టు తగ్గినవాళ్లకి ఈ కొవ్వు ఎక్కువగా కనిపిస్తుంది. ఏది ముందో గట్టిగా చెప్పలేం గానీ, తిన్నది ఖర్చుపెట్టేది కండలే కదా. నడవండి. కొద్దికొద్దిగా బరువులెత్తండి."

బరువులెత్తే ముఠా మేస్త్రీకి బరువులెత్తమని వైద్యం! లివరంటే తాగుబోతనుకుంటారు, పట్టు పోయిందంటే పనికిరానివాడంటారు. ఉడుం ఇంట్లో చెప్పలేదు, ముఠాలో అసలే చెప్పలేదు. బరువు దిగినా పరవాలేదు గానీ పరువు దిగకూడదుగా.

మర్నాడు మోసే మనిషి ఒకడు రాలేదు. ఇనప బీరువాని మూడో అంతస్తుకి ఎక్కించాలి. పైకొస ముఠాలోనే పనిచేసే బామ్మర్ది పట్టాడు. బరువంతా వాలే కిందికొస ఉడుం పట్టాడు.

ముఠాలో ఒక కట్టుబాటుంది. మోసేవాళ్లలో ఎవరు "దించు" అన్నా దించాల్సిందే. ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. అది పెట్టింది ఉడుమే. తను మాత్రం ఆ మాట ఎన్నడూ అన్న పాపాన పోలేదు.

మెట్ల మలుపు దగ్గర ఉడుం వేళ్లు తిమ్మిరెక్కాయి.

"బావా, దించుదామా?"

"నీకు బరువైతే దించు!"

"నాకేం కాలేదు. నీ సంగతి చెప్పు."

"ఎక్కరా, కబుర్లు చాలు!"

రెండు మెట్లు ఎక్కారో లేదో ఉడుం చేతిలోంచి అంచు జారింది. బీరువా పక్కకి ఒరిగి బామ్మర్ది వేళ్లని రెయిలింగుకేసి నొక్కేసింది. ఆ కేక కింద వ్యాను దాకా వినిపించింది.

ఆసుపత్రికి భార్య పరుగున వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి చూసి తమ్ముడి మీద విరుచుకుపడింది. "కళ్లెక్కడ పెట్టుకున్నావురా? మీ బావ దగ్గర ఇన్నేళ్లుండి నేర్చుకుంది ఇదేనా?"

"మెట్టు తడిగా ఉందక్కా. జారాను."

ఉడుం నోరు మూసుకుంటే సరిపోయేది. ఎవరూ అడగరు కూడా.

"మెట్టు పొడిగానే ఉంది," అన్నాడు గోడకేసి చూస్తూ. "నా చెయ్యి జారింది. పట్టు లేదని డాక్టరమ్మ నిన్ననే చెప్పింది. లివర్లో కొవ్వు కూడా ఉందట."

"బావకి కొవ్వెక్కిందని నువ్వెప్పుడూ అంటావుగా అక్కా. డాక్టర్లకి ఇప్పుడు తెలిసింది," అన్నాడు బామ్మర్ది. ఎవరూ నవ్వలేదు.

"అనుమానం వస్తే నువ్వే దించమనాల్సిందిరా," అన్నాడు ఉడుం.

"నీ మొహం చూశాను బావా. మనవాళ్లంతా కిందే ఉన్నారు. వాళ్ల ముందు చులకనైపోతావని ఊరుకున్నా."

ఉడుంకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భార్య తిడితే బాగుండేది. ఆమె నీళ్ల సీసా అతని చేతిలో పెట్టి, "మూత తీసి వాడికి పట్టండి," అంది.

తిప్పాడు. చెమట పట్టిన వేళ్లు మూత మీద జారాయి. బామ్మర్ది చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

ఉడుం సీసా భార్యకి తిరిగిచ్చేశాడు.

"నావల్ల కావట్లేదు. నువ్వు తియ్యి."