సాతంరాయి మలుపు దీపం

నిచ్చెన పై మెట్టు మీద నిలబడి జంగయ్య సోలార్ పలకను తడి తువ్వాలుతో తుడుస్తున్నాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. దుమ్ము వదిలాక ఆ ఎర్రంచు తువ్వాలునే పిండి, మడత విప్పి పలక మీద పరిచాడు. పట్టపగలు కింద దీపం వెలిగింది. పలకకు చీకటైతే చాలు, రాత్రయిందనుకుని దీపం తనంతట తానే వెలుగుతుంది. కంపెనీవాళ్ళు అతనికి నేర్పి వెళ్ళిన చదువంతా ఇంతే. తువ్వాలు తీసి భుజాన వేసుకుని దిగాడు.

రెండు మూడు దీపాల కోసం ఏ ఊరికి ఆ ఊరు పోతే కంపెనీవాళ్ళు మొహం కూడా చూడలేదు. అప్పుడు శంషాబాదు చుట్టుపక్కల పంచాయతీలన్నీ తీర్మానాలు చేసి, సర్కారు ఖాయం చేసిన ధరకు అన్ని ఊళ్ళ దీపాలూ ఒకేసారి కొన్నాయి. అన్నీ ఒకే రకం. అన్నిటినీ చూసుకోవడానికి జంగయ్య ఒక్కడు, ఒక సైకిలు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత గానీ, ఈ మందను మాత్రం అతను చావనివ్వలేదు. చిక్కల్లా బ్యాటరీలతోనే. కొత్తవి కావాలంటే మళ్ళీ అన్ని ఊళ్ళూ కలిసి అడగాలి. కలిసేదాకా ఒక ఊరి బ్యాటరీ తీసి ఇంకో ఊళ్ళో పెట్టడమే.

ఆ పూట మండలాఫీసుకు పోతే, మెట్ల మీదే సూపరింటెండెంటు రామచంద్రయ్య ఆపాడు. ఒక ఊళ్ళో సర్పంచి ఇంటి ముందు దీపం ఆరిపోయిందట. సర్పంచి గుమ్మం చీకటైతే ఊరంతా చీకటైనట్టే కదా మరి!

"సాతంరాయి మలుపు కాడి బ్యాటరీ తీసి ఆడ పెట్టు జంగయ్యా. రేపు పొద్దుగాల జీపు పంపుత."

జంగయ్య తల గోక్కున్నాడు. "సారూ, గదొక్కటి వద్దు సారూ."

"ఆడ ఒక్క ఇల్లన్న ఉన్నదా? ఎవరికయ్యా ఆ దీపం?"

నిజం చెబితే పిచ్చివాడంటారని జంగయ్య సరేనని తలూపి సైకిలెక్కాడు.

ఆ దీపం అతని భార్య కౌసల్యమ్మకు. దీపాలు రాకముందు ఆమె కాటేదాన్‌లో బిస్కెట్ల కంపెనీకి పనికి పోయేది. ఒక సాయంత్రం ఆ మలుపులోనే బస్సు దిగి రోడ్డుకు అవతల నిలబడింది. మసక చీకటి. ఇవతల నుంచి జంగయ్యే "కౌసల్యా, ఇటు రా" అని పిలిచాడు. గొంతు వినబడ్డ వైపు చూస్తూ వచ్చిందే గానీ లారీని చూడలేదు. ఆనాటి నుంచి జంగయ్య ఎవరినీ గొంతెత్తి పిలవలేదు. రాత్రుళ్ళు కలలో ఆమె రోడ్డవతల నిలబడి, "దారి కానస్తలేదయ్యా" అనేది. దీపాలు వచ్చినప్పుడు సాతంరాయి సర్పంచి కాళ్ళావేళ్ళా పడి ఒకటి ఆ మలుపులో వేయించుకున్నాడు. అది వెలిగాక కలలు ఆగిపోయాయి. రోజూ దీపం వెలిగే వేళకు అక్కడికి పోయి, చేతులు జోడించి, "చూసి దాటు" అని మెల్లగా చెప్పి ఇంటికి పోతాడు.

మధ్యాహ్నం సాతంరాయి పంచాయతీలో నిచ్చెన తీసుకుని మలుపుకు చేరాడు. స్తంభం కింది బ్యాటరీ పెట్టె మీద చెయ్యి వేశాడు గానీ తెరవలేకపోయాడు. నిచ్చెన ఎక్కి పలక మీద తువ్వాలు కప్పి, ఈసారి నాలుగు మూలలా గట్టిగా ముడులు వేశాడు. పాత బ్యాటరీ, పగలూ రాత్రీ వెలిగితే పొద్దుటికల్లా ఖాళీ అవుతుంది. ఖాళీ బ్యాటరీని చూసి చచ్చిందనుకుని ఎవరూ తీసుకుపోరు. రెండు రోజులాగి ముడులు విప్పితే ఎండకు అదే నిండుతుంది. ఈ పనిలో చేరాక అతను చేసిన మొదటి మోసం అది. భయమేసింది, అయినా విప్పలేదు.

స్తంభం పక్కనే జామకాయలమ్మే ముత్తమ్మ పైకి చూసి నవ్వింది. "ఏందన్నా, పట్టపగలు దీపం పెట్టినవ్?"

"జర ఉండనియ్యి అక్కా."

దిగేసరికి ఒళ్ళంతా చెమట. భుజం నొప్పి ఛాతీలోకి పాకింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ముత్తమ్మ ఇచ్చిన నీళ్ళు సగం తాగాడు. పొద్దు వాలింది. వెలవెలబోయిన దీపం మెల్లగా వెలుగు పుంజుకుంది. ముత్తమ్మ గంప సర్దుకుంటోంది. జంగయ్య రోడ్డవతలికి చూసి గొంతెత్తి పిలిచాడు.

"కౌసల్యా, ఇగ రా. ఎలుగున్నది."

ముత్తమ్మ ఉలిక్కిపడి అటు చూసింది. అవతల ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి జంగయ్య తల స్తంభానికి ఆనింది. కునుకు పట్టిందనుకుని, పోయేముందు భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు, ఊపిరి లేదు.

జంగయ్య లేకపోయినా మర్నాడు జీపు వచ్చింది. డ్రైవరు పెట్టె తెరిచి బ్యాటరీకి చిన్న బల్బు తగిలించి చూశాడు. వెలగలేదు. "ఇది గూడ సచ్చింది సారూ" అని వెంట వచ్చిన రామచంద్రయ్యకు చెప్పాడు. ఎవరూ తల ఎత్తి పైకి చూడలేదు. ముత్తమ్మ తువ్వాలు సంగతి చెప్పబోయింది గానీ, "జర ఉండనియ్యి" అన్న మాట గుర్తొచ్చి ఊరుకుంది. రెండు రోజులాగి ముడులు విప్పాలని ఆమెకు తెలియదు.

దీపాన్ని ఎవరూ తీసుకుపోలేదు. అది మళ్ళీ వెలగనూ లేదు. బస్సు దిగినవాళ్ళు ఇప్పుడు చీకట్లోనే దాటుతున్నారు. పైన పలక మీద ఎర్రంచు తువ్వాలు రంగు వెలిసి, మూడు మూలలా ముడులతో, ముడి ఊడిన నాలుగో మూల లారీ గాలికి కొట్టుకుంటూ ఉంది.